పైడిరాజు ఇంట్లో చెప్పని మాట

సాలూరు లారీ స్టాండు ఎదురుగా సెలూన్ నడిపే పైడిరాజుకు ఊళ్ళో ఎవరితోనైనా ఎంత మాటైనా మాట్లాడగల నోరుండేది కానీ, కన్నకొడుకు ఎదుట మాత్రం ఆ నోరు పెగిలేది కాదు.

అతని నోరు సామాన్యమైనది కాదు. కత్తెర ఒక పక్క ఆడుతుంటే నాలుక ఇంకో పక్క ఆడేది. రెండింటిలో ఏది పదునో చెప్పడం కష్టం. ఒడిశా ఘాట్ రోడ్డు దిగి వచ్చే లారీ డ్రైవర్లు ఇంటికి పోయే ముందు అతని కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకునేవారు. వారాల తరబడి ఇంటి ముఖం చూడని మనుషులు. గడ్డంతో పాటు గుండెలో బరువు కూడా అక్కడే దించుకుని పోయేవారు.

పదేళ్ళ కిందట ఆస్పత్రి వాళ్ళు ఊళ్ళో సెలూన్లు నడిపేవాళ్ళందరినీ పిలిచి మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. మనిషి మనిషికీ కొత్త బ్లేడు వాడమన్నారు. ఎయిడ్స్, సుఖవ్యాధులు ఎలా వస్తాయో, రాకుండా ఎలా చూసుకోవాలో చెప్పారు. చివరి రోజున ఒక్కొక్కరి చేతిలో ఒక పెట్టెడు కండోమ్‌లు పెట్టి, వచ్చినవాళ్ళకు ఊరికే ఇమ్మన్నారు. మిగతావాళ్ళు ఆ పెట్టెల్ని అటకెక్కించారు. పైడిరాజు మాత్రం అద్దం పక్కనే పెట్టుకుని, ఖాళీ అయినప్పుడల్లా ఆస్పత్రికి పోయి నింపుకొచ్చేవాడు.

“సిగ్గేటి తమ్ముడూ? సిగ్గుపడితే రోగం ఆగిపోద్దేటి? తీసుకో,” అనేవాడు. ఎవరైనా మంట అనో పుండు అనో గొణిగితే గొంతు తగ్గించి, “రేపు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్ళు. మార్తమ్మ సిస్టరుని అడుగు. పైడిరాజు పంపినాడని చెప్పు, చాలు,” అనేవాడు. ఒక్కరినీ ఛీ అనలేదు. ఒక్కరి గుట్టూ బయటపెట్టలేదు. అందుకే డ్రైవర్లు అతన్ని డాక్టరు మావా అని పిలిచేవారు.

నెలకోసారి బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగి, ‘మగవారి రహస్య వ్యాధులకు మందు’ అని గోడల నిండా రాయించుకునే ఒక దొంగ వైద్యుడి మాట వస్తే చాలు, పైడిరాజుకు ఒళ్ళు మండేది. “ఆడిచ్చేది మందు కాదు, బూడిద. లేని రోగం ఉందని చెప్పి, ఉన్న ఒళ్ళు పాడు చేస్తాడు,” అని వచ్చినవాడికల్లా చెప్పేవాడు.

ఇంత చెప్పే మనిషి మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యేసరికి మూగవాడైపోయేవాడు. ఆ వేళకు కొడుకు గిరీష్ అన్నం క్యారేజీ తెచ్చేవాడు. వీధి చివర వాడి తల కనబడగానే పైడిరాజు అద్దం పక్క పెట్టె మీద తువ్వాలు కప్పేసేవాడు. “గుంటడొస్తున్నాడు,” అని కుర్చీలో ఉన్నవాడికి సైగ చేసేవాడు. అంతవరకూ గలగలలాడిన సెలూన్ పరీక్ష హాలులా అయిపోయేది. ఎవరో ఒకరు వానల గురించి మాట్లాడేవారు, నడి వేసవిలో కూడా. గిరీష్ క్యారేజీ పెట్టి, తువ్వాలు వైపు ఒకసారి చూసి, తల దించుకుని వెళ్ళిపోయేవాడు. వాడు వెళ్ళగానే తువ్వాలు లేచేది, మాటలూ లేచేవి.

భార్య ఈశ్వరమ్మ మేనమామ కూతురే. ఒకనాడు ఆమె అంది: “బావా, గుంటడికి మీసం వస్తోంది. ఊరందరికీ చెప్తావు కదా, ఆ నాలుగు ముక్కలూ వాడికీ చెప్పరాదా? ఆడమనిషిని, నేనెలగ చెప్తాను?”

“చేపపిల్లకి ఈత నేర్పాలేటే? టైము వస్తే వాడికే తెలుస్తాది,” అన్నాడు పైడిరాజు.

చేపపిల్లకు ఎవరూ నేర్పక్కరలేదు, నిజమే. మనిషి పిల్లకు అన్నం కలుపుకోవడం దగ్గర నుంచి అన్నీ నేర్పాలి. అంత లోకం చూసిన పైడిరాజుకు ఆ చిన్న సంగతి తోచలేదు. నిజం చెప్పాలంటే తోచకుండా అతనే చూసుకున్నాడు.

గిరీష్ ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ ఉండేవాడు. వాడికి ఆర్మీలో చేరాలని చిన్నప్పటి నుంచీ పిచ్చి. మరో ఐదుగురు స్నేహితులతో కలిసి రోజూ తెల్లవారుజామున బైపాస్ రోడ్డు మీద పరుగు తీసేవాడు. విజయనగరంలో సెలక్షన్లు దగ్గర పడుతున్నాయి. అందరిలోకీ ముందు గిరీషే ఉండేవాడు. “నీ కొడుకు కాళ్ళు కావురా అవి, గుర్రం కాళ్ళు,” అని తెల్లవారుజామున పాలు పోసేవాడు చెబితే పైడిరాజు ఆ రోజంతా ఉబ్బిపోయి తిరిగేవాడు.

అలాంటిది, ఒక నెల రోజులుగా గిరీష్ పరుగుకు పోవడం మానేశాడు. కంచంలో అన్నం కెలికి లేచిపోతున్నాడు. రెండుసార్లు పెరట్లో వాంతి చేసుకున్నాడు. చొక్కా వదులైంది. అడిగితే “ఏం లేదు” అన్నాడు. పరీక్షల బెంగ అనుకున్నాడు పైడిరాజు. బెంగకు మందు బూస్టు అని ఒక డబ్బా కొని తెచ్చాడు.

ఒక సోమవారం ముత్యాలు అనే డ్రైవరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నురగ పూసి గడ్డం సగం గీసేసరికి, అతను కాస్త ఇబ్బందిగా కదిలాడు.

“డాక్టరు మావా, ఓ మాట చెప్తాను. కోపం తెచ్చుకోకు.”

“నాకు కోపమేటి? చెప్పు.”

“నిన్న మీ గుంటణ్ణి ఆ లాడ్జి మెట్ల మీద సూసినాను. చేతిలో పొట్లం ఉంది. నన్ను సూసి జేబులో దోపీసినాడు.”

పైడిరాజు చెయ్యి జారింది. ముత్యాలు చుబుకం మీద సన్నగా ఎర్రగీత పడింది. ఇరవై ఏళ్ళ పనిలో ఆ చేతి కింద ఎవరికీ నెత్తురు చూపించని మనిషి. గబగబా పటిక రాశాడు. ఎలాగో మిగతా సగం గీసి, షట్టరు దించి, ఇంటికి పరుగెత్తాడు.

గిరీష్ పుస్తకాల సంచీలో మూడు పొట్లాలు దొరికాయి. బూడిద రంగు పొడి. వాడు అప్పుడే కాలేజీ నుంచి వచ్చాడు. పొట్లాలు చూడగానే వాడి మొహం తెల్లబోయింది.

“ఏట్రా ఇవి? ఎక్కడ తిరిగినావురా? ఎవత్తెతో తిరిగి ఏ రోగం తెచ్చుకున్నావు? ఛీ! నా కడుపున చెడబుట్టినావు కదరా!” అని పైడిరాజు చెయ్యి ఎత్తాడు.

వాడు తప్పుకోలేదు. ఏడవలేదు. గోడకు ఆనుకుని, దెబ్బ పడితే బాగుండునన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. ఆ మొహం చూసి పైడిరాజు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. గిరీష్ లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.

ఈశ్వరమ్మ భర్తకు అడ్డంగా వచ్చి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

“బావా, ఇన్నేళ్ళలో ఎందరు లారీ కుర్రాళ్ళు నీ కాడికి వచ్చినారు? ఎన్నెన్ని చెప్పుకున్నారు? ఒక్కడినైనా ఛీ అన్నావా? మన గుంటడేటి పాపం చేసినాడని, వాడు నోరిప్పకముందే ఛీ అన్నావు?”

పైడిరాజు అరుగు మీద కూలబడ్డాడు. శిక్షణలో మొదటి రోజు మార్తమ్మ సిస్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది. ‘వచ్చినవాడు అప్పటికే సిగ్గుతో చచ్చిపోతుంటాడు. నువ్వు ఇంకో పిడికెడు మన్ను వెయ్యకు.’ ఆ మాటను పదేళ్ళు పాటించాడు. పాటించనిది ఒక్క తన ఇంట్లోనే. అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు మంగళవారం, సెలూన్లకు సెలవు. పైడిరాజు పొద్దున్నే కొడుకు దగ్గరికి వెళ్ళి, “నాన్నా, షాపుకి రా. నీ గడ్డం గీస్తాను,” అన్నాడు. అప్పటివరకూ గిరీష్ మొహం మీద కత్తి పడలేదు. వాడు అనుమానంగా చూశాడు, కానీ వచ్చాడు.

షట్టరు సగం ఎత్తి, కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టాడు. కుర్చీలో కూర్చున్న మనిషి ఎదురుగా మొహం చూసి చెప్పలేని సంగతిని అద్దంలో చూసి చెప్పగలడని పైడిరాజుకు పనిలోనే తెలిసింది. ఆ రోజు ఆ వీలు అతనికే కావలసి వచ్చింది. గిరీష్ చెంపలకు నిదానంగా నురగ పూశాడు. ఊరంతా మెచ్చిన ఆ నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చివరికి కళ్ళు అద్దంలోనే ఉంచి మొదలుపెట్టాడు.

“నాకు నీ వయసప్పుడు, కొన్ని రోజులు తెల్లారి లేచేసరికి లుంగీ తడిసి ఉండీది.”

గిరీష్ కళ్ళు చటుక్కున పైకి లేచాయి.

“భయపడి చచ్చినాను. మీ నాన్నమ్మకి తెలీకుండా వేగావతి ఏటి కాడికి పోయి ఉతుక్కుని, ఆ తడి లుంగీతోటే ఇంటికొచ్చీవోణ్ణి. నాకేదో పెద్ద రోగం ఉందనుకున్నాను. పెళ్ళి వద్దని మీ తాతతో దెబ్బలాడినాను కూడా. చేసుకుంటే మీ అమ్మ బతుకు పాడైపోద్దని.”

“మరి... ఏమైంది?” అన్నాడు గిరీష్. రాత్రి నుంచీ వాడి నోట వచ్చిన మొదటి మాట అది.

“ఏమవుతాది? రోగమూ లేదు, గీగమూ లేదు. నువ్వు పుట్టలేదేటి?”

గిరీష్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. నురగ మీదుగా కన్నీళ్ళు దిగాయి. పైడిరాజు కత్తి పక్కన పెట్టి, కొడుకు భుజాలు పట్టుకుని నిలబడ్డాడు. వాడు వెక్కుతూ వెక్కుతూ అంతా చెప్పాడు. నిద్రలో బట్టలు తడుస్తున్నాయని ఒక స్నేహితుడితో అంటే, అది నరాల బలహీనత అన్నాడట. ఒంట్లో బలమంతా అలాగే కారిపోతుందన్నాడట. సెలక్షన్లలో ఆర్మీ డాక్టర్లు బట్టలు విప్పించి చూస్తారు కదా, ఇట్టే పట్టేస్తారన్నాడట. ఆ స్నేహితుడికీ ఏమీ తెలియదు పాపం; తెలియదని చెప్పడానికి నామోషీ. ఆ భయంతో గోడ మీది రాత చదువుకుని గిరీష్ నెల కిందట మొదటిసారి లాడ్జి మెట్లెక్కాడు.

“నాకు ఇంక పిల్లలు పుట్టరన్నాడు నాన్నా, ఆ లాడ్జి ఆయన. చెయ్యి పట్టుకుని నాడి చూసి చెప్పినాడు.”

“ఆడి మొహం! ఆడికి నాడి ఎక్కడుంటాదో తెలిస్తే కదా!” అన్నాడు పైడిరాజు. “ఇలా విను. అది రోగం కాదు. మీసం వచ్చినట్టే అదీను. ఒళ్ళు పెద్దవుతోందని గుర్తు. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, కొందరికి అసలుండదు. బలమూ పోదు, నరాలూ పోవు. ఏ ఆర్మీ డాక్టరూ దానికి నిన్ను వెనక్కి పంపడు. ఆ లాడ్జోడి కాడికి పోవద్దని ఎందరికి చెప్పినానో తెలుసా?”

గిరీష్ అద్దంలో తండ్రి కళ్ళలోకి చూశాడు.

“అందరికీ చెప్పినావు నాన్నా. నాకెందుకు చెప్పలేదు?”

బయట ఎక్కడో లారీ టైరుకు గాలి కొడుతున్నారు.

“నేను చాలాసార్లు అడుగుదామనే వచ్చినాను,” అన్నాడు గిరీష్. “నన్ను చూడగానే నువ్వు తువ్వాలు కప్పీసీవోడివి. అడగకూడదేమో అనుకున్నాను.”

పైడిరాజు అద్దం వదిలి కొడుకు మొహంలోకే చూశాడు. “సిగ్గుపడినాను రా,” అన్నాడు. “ఊళ్ళోవాళ్ళ ముందు లేని సిగ్గు నీ ముందు వచ్చింది. తండ్రిని కదా, ఎలగ చెప్పడమని. తండ్రిని కాబట్టే చెప్పాలని తెలీలేదు. తప్పు నాదిరా నాన్నా. నిన్ను ఛీ అన్నది మరీ తప్పు.”

అప్పుడు అద్దం పక్క పెట్టె తీసి కొడుకు ఒళ్ళో పెట్టాడు. ఒక కండోమ్ విప్పి, చెప్పగలనో లేనో అన్నంత బెరుగ్గా మొదలుపెట్టి, కాసేపటికి డ్రైవర్లకు చెప్పినంత తీరుగా చెప్పాడు. తారీకు చూసుకోవాలన్నాడు. పంటితో చింపకూడదన్నాడు. ఒకసారి వాడింది మళ్ళీ వాడకూడదన్నాడు. సరిగ్గా వాడితే చాలా రోగాలు రాకుండా, అనుకోని కడుపు రాకుండా కాచేది ఇదేనన్నాడు.

“ఇయ్యాల నీకు దీంతో పని లేదు. చదువుకో, పరిగెత్తు. కానీ పని పడిన రోజున ఎవరినో అడుక్కోకూడదు, ముందే తెలిసుండాలి. ఇంకో మాట. ఇది అన్నిటికన్నా పెద్ద మాట. ఎదుటి మనిషికి ఇష్టం లేకపోతే వేలు కూడా తగలకూడదు. పద్దెనిమిది నిండని పిల్లయితే, ఊ అన్నా సరే, తప్పే. చట్టమూ ఒప్పుకోదు. కడుపొస్తే తొమ్మిది నెలలు మోసేది ఆ పిల్ల, ఊరందరి చేతా మాటలు పడేది ఆ పిల్ల. కాబట్టి మగోడే ముందు ఆలోచించాలి.”

గిరీష్ ఒక్కొక్కటే అడిగాడు. ఆడపిల్లలకు నెలసరి ఎందుకు వస్తుందని అడిగాడు. కడుపు రాకుండా వేసుకునే మాత్రలు ఎలా పనిచేస్తాయని అడిగాడు. తెలిసింది పైడిరాజు చెప్పాడు. మాత్రల దగ్గర తడబడి, “అది నాకూ సరిగ్గా తెలీదు. ఇద్దరం పోయి మార్తమ్మ సిస్టరుని అడుగుదాం,” అన్నాడు. ఆ మాటతో గిరీష్‌కు తండ్రి మీద నమ్మకం రెట్టింపైంది. తెలియనిది తెలియదని చెప్పిన పెద్దమనిషిని వాడు ఆ నెలలో అప్పుడే చూశాడు.

గడ్డం గీయడం పూర్తయ్యాక తండ్రీకొడుకులు ఆస్పత్రికి వెళ్ళారు. మార్తమ్మ సిస్టరు పొట్లాలు చూసి తల పట్టుకుంది.

“డాక్టరు మావా, ఊరందరినీ నా దగ్గరికి పంపించారు. ఇంట్లో పిల్లాణ్ణి లాడ్జికి వదిలేశారా?” అంది. పైడిరాజు తల వంచుకుని ఆ మాట పడ్డాడు.

డాక్టరు రక్తపరీక్ష చేయించాడు. ఆ పొడిలో ఏముందో గానీ గిరీష్ కాలేయం వాచింది. ఇంకో నెల వాడి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదన్నాడు. మానేశాడు కాబట్టి నయమవుతుందని, రెండు నెలలు మాత్రం పరుగు, కసరత్తు కూడదని చెప్పాడు. సెలక్షన్లు పన్నెండు రోజుల్లో ఉన్నాయి.

గిరీష్ “వచ్చే ఏడు కూడా ఉంటాయి కదా నాన్నా,” అని తండ్రినే ఓదార్చాడు. పైడిరాజు వాడి ముందు నిబ్బరంగానే ఉన్నాడు. ఆస్పత్రి గేటు దాటి, సైకిల్ స్టాండు వెనక నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తన సిగ్గుకు శిక్ష కొడుకు కాళ్ళకు పడింది. మార్తమ్మ సిస్టరు పై అధికారులకు రాసింది. ఆ దొంగ వైద్యుడు సంగతి తెలుసుకుని మరి ఆ ఊరి ముఖం చూడలేదు.

సెలక్షన్లకు ముందు రోజు గిరీష్ స్నేహితులు ఐదుగురూ కటింగుకు వచ్చారు. ఒకడు కుర్చీలో, నలుగురు బల్ల మీద కూర్చున్నారు. బస్సు ఎన్నింటికి, బూట్లు ఎవరివి గట్టివి అని ఒకటే గోల. గిరీష్ కూడా వాళ్ళ మధ్యనే కూర్చున్నాడు. నవ్వుతున్నాడు గానీ, వాళ్ళ బూట్ల వైపు చూసినప్పుడల్లా వాడి నవ్వు సన్నబడడం పైడిరాజు కనిపెట్టాడు.

బల్ల చివర కూర్చున్న కుర్రవాడొకడు ఎవరితోనూ కలవకుండా గోళ్ళు కొరుక్కుంటున్నాడు. కాసేపటికి గిరీష్ చెవిలో ఏదో గొణిగాడు. గిరీష్ విన్నాడు. వాడి చెయ్యి గట్టిగా పట్టుకుని, అందరూ వినేలా అన్నాడు:

“నాన్నా, వీడికీ నాకున్న భయమే ఉందట. మాకందరికీ ఉన్నాదిలే, ఎవడూ బయటికి చెప్పడు. నాకు చెప్పినట్టే వీళ్ళకీ చెప్పు.”

గోల ఆగిపోయింది. ఐదు మొహాలు అద్దంలో పైడిరాజు వైపు తిరిగాయి. వీళ్ళ తండ్రులు రేపు వచ్చి, ‘మా పిల్లలకు ఇవేం మాటలు’ అని కొట్లాటకు దిగితే? దిగనీ అనుకున్నాడు. తన కొడుకుకు తప్పిపోయిన పరుగు రేపు వీళ్ళు తీయబోతున్నారు. ఆ భయం మోసుకుంటూ తీయకూడదు.

“ఇలా దగ్గరికి జరగండిరా,” అన్నాడు. “నాకు మీ వయసప్పుడు ఏటైందంటే...”

లుంగీ సంగతి వచ్చేసరికి సెలూన్ నవ్వులతో దద్దరిల్లింది. అందరికన్నా గట్టిగా గిరీష్ నవ్వాడు. ఆ గోళ్ళు కొరికే కుర్రవాడు కూడా నవ్వాడు, నవ్వి, ఊపిరి తీసుకుని, తన ప్రశ్న తానే అడిగాడు.

మర్నాడు ఐదుగురూ పరిగెత్తారు. ఇద్దరు ఎంపికయ్యారు. ఒక తండ్రి నిజంగానే దెబ్బలాటకు వచ్చాడు. కూర్చోబెట్టి గడ్డం గీస్తూ పైడిరాజు అతనికీ అంతా చెప్పాడు. వెళ్ళేటప్పుడు ఆ తండ్రి, “మా చిన్నోడికీ ఓ మాట చెప్పు,” అన్నాడు. “నేను చెప్పను, నువ్వే చెప్పు. ఎలగ చెప్పాలో కావాలంటే నేర్పుతాను,” అన్నాడు పైడిరాజు. మరుసటి ఏడు గిరీష్ విజయనగరం బస్సెక్కాడు. అందరికన్నా ముందు గీత దాటాడు.

నీతి: పెద్దలు సిగ్గుపడి చెప్పని మాటను పిల్లలు మోసగాళ్ళ దగ్గర వెతుక్కుంటారు; ఒంటి గురించి, మంచిచెడ్డల గురించి పిల్లలు వినవలసిన మొదటి మాట తల్లిదండ్రుల నోటినుంచే, అదీ ప్రేమగా రావాలి.